వంకర జీను

ముసలాయన ఒక జీను పూర్తి చేశాడంటే దాన్ని కొయ్యగుర్రం మీదికి ఎక్కించి, నాలుగడుగులు వెనక్కి వెళ్లి, ఒక కన్ను మూసి చూస్తాడు. చూసి ఊరుకుంటాడా, మళ్లీ దగ్గరికొచ్చి ఎడమ పక్క జానతో కొలుస్తాడు, కుడి పక్క జానతో కొలుస్తాడు. వెంట్రుకవాసి తేడా వచ్చిందా, ఇక ఆ పూట ఇంట్లో ఎవరికీ మాటాపలుకూ ఉండదు. కుట్టు విప్పాలి, కూరిన ఉన్ని లాగాలి, మళ్లీ మొదలెట్టాలి. వీధిలో వాళ్లు ఆయనకి 'తూకం' అని పేరు పెట్టింది అందుకే. ఎదురుపడితే 'తూకంగారూ' అంటారు, పక్కకి తిరిగితే 'తూకం ముసలోడు' అంటారు. రెండూ ఆయన చెవిన పడ్డాయి. రెండూ ఆయనకి పొగడ్తలాగే వినిపించాయి.

ఆ ఇంటి కోడలు బట్టల కొట్టు వాళ్ల పిల్ల. పుట్టింట్లో గజంబద్ద పట్టుకుని నడక నేర్చుకుంది. అత్తింట్లో అడుగుపెట్టిన కొత్తలోనే ఇక్కడి వ్యాపారం సంగతి ఆమెకి అంతుపట్టింది. సరుకుకి వంక పెట్టడానికి లేదు, అమ్మడానికే మనిషి లేడు. మామగారి చేతి జీను కొన్నవాడు బతికున్నంతకాలం ఇంకోటి కొనడు. తోలు అరగదు, కుట్టు ఊడదు. చేసేవాడికి అది గొప్పే, అమ్మేవాడికి మాత్రం గొడ్డలిపెట్టు. భర్తది చెయ్యి మంచిదే కానీ నోరు లేదు. బేరమాడే మనిషి గట్టిగా కళ్లలోకి చూస్తే చాలు, "సర్లెండి, మీకు తోచింది ఇవ్వండి" అనేసే రకం. అందుకని గల్లాపెట్టె దగ్గర తనే కూర్చుంది. పాత జీన్ల మరమ్మతు పెట్టింది. కళ్లేలు, పగ్గాలు, నడుం పట్టీలు, ఆఖరికి కుక్కల మెడపట్టీలు కూడా చేయించి గుమ్మానికి వేలాడదీసి కొట్టుని నిలబెట్టింది. తూకం ఆ మెడపట్టీల వైపు తలెత్తి చూసేవాడు కాదు. వాటిమీద వచ్చిన భోజనాన్ని మాత్రం ఏనాడూ కాదనలేదు.

ఓ పొద్దున గుర్రాల మేడమ్ చంకలో జీనుతో కొట్లోకి దూసుకొచ్చింది. ఊరి చివర గుర్రపుస్వారీ బడి ఆవిడదే. తెచ్చిన జీనుని బల్లమీద దబ్బున పడేసింది.

"పెద్దాయనా, ఇది మీ చేతి పనేగా?"

"లోపల నా ముద్ర కనబడట్లేదా?" అన్నాడు తూకం, తోలు పొడిచే ఆరె చేతిలోంచి కిందపెట్టకుండానే.

"బాగానే కనబడుతోంది. గయ్యాళి మీద వేస్తే కుడిపక్కకి జారిపోవడం కూడా బాగానే కనబడుతోంది. మొన్న మా పంతులమ్మ జీనుతో సహా కింద పడింది. చెయ్యి విరక్కపోవడం మీ అదృష్టం, నా అదృష్టం."

గయ్యాళి అంటే మనిషి కాదు. ఎర్ర చాయ ఆడగుర్రం. దానికి ఆ పేరు పెట్టింది లాయంలో పనివాళ్లు.

"నా జీను జారదు," అన్నాడు తూకం. "ఆ గుర్రానికే ఏదో రోగం."

"డాక్టరు చూశాడు. రోగమూ లేదు, రొష్టూ లేదు. ఇదిగో వినండి. లాయంలో ఉన్న గుర్రాలన్నిటికీ సామాను మార్చేస్తున్నా. జీన్లు, కళ్లేలు, పగ్గాలు, మొత్తం. జీన్ల ఫ్యాక్టరీ షావుకారు రోజూ వచ్చి నా వసారాలో కూర్చుంటున్నాడు. ఆయన జీను కూడా దానిమీద నిలవలేదు కానీ, ఇంకోటి తెస్తానంటున్నాడు. ఆయనకి చెప్పిందే మీకూ చెబుతున్నా. వచ్చే ఆదివారం అందరి ముందూ పరీక్ష. గయ్యాళి మీద ఎవరి జీను నిలబడితే లాయమంతా వాళ్లది."

తూకం ముఖం కందగడ్డలా అయింది. తన జీనుకి పరీక్షా అని ఆయన నోరు తెరిచేలోపే కోడలు బల్ల వెనకనుంచి లేచింది.

"ఆదివారం పొద్దున్నే వస్తాం మేడమ్."

ఆవిడ అటు వెళ్లగానే ముసలాయన ఒంటికాలి మీద లేచాడు. "ఎవర్నడిగి ఒప్పుకున్నావమ్మాయ్?"

"ఎవర్నీ అడగలేదు మామయ్యా. అడిగితే మీరు వద్దంటారుగా."

ఆమె లెక్క ఆమెకుంది. ఆ లాయం పని చేతికొస్తే ఇంటిల్లిపాదికీ ఏళ్ల తరబడి చేతినిండా పని. పోతే, పోయేది ఆ పనొక్కటే కాదు. బడికి ఫ్యాక్టరీ సామాను వచ్చాక ఊళ్లో మిగతా గుర్రాల వాళ్లు కూడా అటే పోతారు. షావుకారు అప్పటికే భర్తని పిలిచి తన షెడ్డులో బకిల్సు బిగించే పని ఉందని, నీడపట్టున కూర్చోవచ్చని చెప్పి ఉన్నాడు. భర్త మొహమాటానికి సరేననలేదంటే ఆ క్షణానికి దగ్గు రాబట్టి. అదే జరిగితే జీను చేసే విద్య ముసలాయనతో ఆఖరు. కోడలు ఆ నష్టాన్ని తలుచుకుంది కానీ పైకి అనలేదు. చెప్పులు తొడుక్కుని భర్త వైపు చూసింది.

"లేవండి. గుర్రాన్ని చూసొద్దాం."

"నేనెందుకు? అది కరుస్తుందంటున్నారు."

"మీరొస్తే ముందు మిమ్మల్ని కరుస్తుంది. ఈలోగా నేను చూసుకుంటా."

లాయంలో గడ్డి వాసన, తడి ఇటుకల వాసన. గయ్యాళిని పెరట్లోకి తెచ్చి కట్టారు. చూడ్డానికి నిగనిగలాడుతోంది. చెవులు మాత్రం వెనక్కి అంటించి, మనిషి దగ్గరికొస్తే పళ్లు చూపిస్తోంది. కోడలు పక్కనుంచి చూసింది, ముందునుంచి చూసింది, ఏమీ తేలలేదు. కాలు పెట్టే రికాబు అందని పిల్లలు ఎక్కడానికి పెట్టిన చెక్కదిమ్మ ఒకటి అక్కడుంది. దాన్ని గుర్రం వెనక్కి కాస్త ఎడంగా లాగించి, ఎక్కి నిలబడి, తోకవైపు నుంచి మెడదాకా వీపుని తేరిపార చూసింది.

ఎడమ భుజం ఉబ్బి ఉంది. కుడి భుజం వెనక మాత్రం అరచెయ్యి పట్టేంత గుంట.

పుట్టింటి కొట్టుకి మూటలు మోసే మనిషి ఒకడు వచ్చేవాడు. ఏళ్లుగా ఒకే భుజం మీద మోసి మోసి ఆ పక్క కండ పెరిగి, రెండో పక్క పల్లమై ఉండేవాడు. రెడీమేడ్ కోటు ఏది తొడిగినా ఒక పక్కకి వేలాడేది. కొట్లో దర్జీ పల్లంగా ఉన్న భుజంలో మెత్త పెట్టి కుట్టాడు. కొక్కేనికి తగిలిస్తే ఆ కోటు చూసి జనం నవ్వారు. వాడి ఒంటిమీదికెక్కాక దొరలా ఉంది.

"ఏమండీ, కొలత తీయండి," అంది కోడలు దిమ్మ మీదనుంచే.

భర్త సంచిలోంచి మెత్తటి సీసపు పట్టీ తీశాడు. చేత్తో వంచితే ఎలా వంచితే అలా నిలబడే పట్టీ అది. మెడ మొదట్లో మూపు మీద పెట్టి నొక్కి, ఆ వంపుని కాగితం మీదికి దించుకోవడం జీను పనిలో మొదటి మెట్టు. ఆయన అడుగులో అడుగేస్తూ గయ్యాళి పక్కకి చేరాడు. అది ఆయన చొక్కా వాసన చూసి, ఏమనుకుందో ఏమో, ముఖం పక్కకి తిప్పుకుంది.

ఎడమ పక్క వంపు గీశాడు. పట్టీ తుడిచి సంచిలో పెట్టబోయాడు.

"అదేంటి, రెండో పక్క?"

"రెండో పక్క తీయం. కాగితం మధ్యకి మడిచి కత్తిరిస్తే రెండో పక్క అదే వచ్చేస్తుంది. నాన్న ఎప్పుడూ అలాగే."

"ఈ గుర్రానికి కూడా అలాగే తీశారా?"

"అన్నిటికీ అంతే."

కోడలు నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "మా కొట్లో అయితే మా నాన్న చెంప పగలగొట్టేవాడండీ. తీయండి, కుడి పక్క కూడా తీయండి."

తీశాడు. రెండు గీతలున్న కాగితాన్ని నడిమికి మడిచి ఎండకి ఎత్తి చూస్తే, ఒకదాని మీద ఒకటి పడాల్సిన గీతలు రెండూ వేరే దారులు పట్టాయి. భర్త నోరెళ్లబెట్టాడు. కోడలికి మాత్రం పోయిన సరుకు గోదాములో దొరికినంత సంబరం కలిగింది. తప్పు ఎక్కడుందో తెలిసిందంటే సగం పని అయినట్టే.

మిగతా సగం ఇంట్లో కూర్చునుంది, చేతులు కట్టుకుని.

"ఏంటీ, కుడి దిండు లావుగా, ఎడమ దిండు సన్నంగానా?" అన్నాడు తూకం. జీను అడుగున వెన్నెముకకి అటొకటి ఇటొకటి రెండు తోలు దిండ్లుంటాయి. వాటిలో ఉన్ని కూరతారు. జీను బరువూ పైనున్న మనిషి బరువూ గుర్రం మీద పడేది వాటి గుండానే. "నా ఒంట్లో ప్రాణముండగా వంకర జీను ఈ గుమ్మం దాటదు."

"వంకర జీనుది కాదు మామయ్యా, గుర్రానిది. కాగితం చూడండి."

"చూశా. గుర్రాన్ని బాగుచేసుకోమను."

"గుర్రాన్ని బాగుచేయడం మన వ్యాపారం కాదుగా. ఒక పక్క అలవాటుగా తిప్పీ తిప్పీ అలా తయారుచేశారు దాన్ని. పని బాగా చేయిస్తే మెల్లిగా అదే సర్దుకుంటుంది. అప్పుడు ఉన్ని తీసేద్దాం. అందాకా గుంటలో పడకుండా మనమే ఎత్తు పెట్టాలి."

"ఎవడైనా తీసుకొచ్చి కొయ్యగుర్రం మీద పెట్టి చూస్తే? తూకం ముసలోడికి చూపు పోయింది అనరూ?"

"కొయ్యగుర్రం మీద స్వారీ చేసేవాడు మన కొట్టుకి రాడు మామయ్యా."

భర్త నవ్వు ఆపుకోలేక దారపు ఉండ వెతికే వంకతో బల్లకిందికి దూరాడు. తూకం పళ్లు నూరాడు. అటూ ఇటూ తిరిగాడు. చివరికి గోడవైపు తిరిగి, "చేసి చావండి. నేను మాత్రం చెయ్యి పెట్టను," అన్నాడు.

కోడలికి కావాల్సింది ఆ మాటే. బేరంలో అవతలివాడు సణుగుతూ లొంగినా లొంగినట్టే.

మేడమ్ వదిలివెళ్లిన జీనుని బోర్లా తిప్పింది. దిండు పై అంచున చిన్న చీలిక ఉంటుంది. అందులోంచే పొడుగాటి ఇనుపకడ్డీతో ఉన్ని కూరడం, తీయడం. అదివరకు భర్త పక్కన కూర్చుని కూరిన అనుభవం ఆమెకి ఉంది కానీ, ఇంత జాగ్రత్తగా ఎప్పుడూ చేయలేదు. ఉన్నిని వేళ్లతో విడదీసి, ముద్ద లేకుండా పీచు పీచుగా చేసి, కొద్దికొద్దిగా కుడి దిండు ముందు భాగంలోకి నెట్టింది. ముద్ద ఉండిపోయిందో, గుర్రం వీపుకి అది చెప్పులో రాయే. కూరడం, అరచేత్తో నిమరడం, కాగితం మీద గీత పక్కన పెట్టి చూడడం, మళ్లీ కూరడం. శుక్రవారం, శనివారం అదే పని.

పక్కన భర్త గయ్యాళికి కొత్త కళ్లెం కుడుతున్నాడు. మోకాళ్ల మధ్య పట్టుకారులాంటి చెక్కదవడ బిగించి, దాని మధ్య తోలుపట్టీ ఇరికించి, ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు ఎక్కించి, ఆరెతో పొడిచిన ప్రతి కన్నంలోంచి రెండు సూదుల్నీ ఎదురెదురుగా దూర్చి లాగుతున్నాడు. లాగిన ప్రతిసారీ మైనం పట్టిన దారం కిర్రుమంటోంది. రెండు చెంపపట్టీలకీ తోలు వీపు భాగంలోంచి పక్కపక్కన కోసింది తీసుకున్నాడు. పొట్ట భాగం తోలు సాగిపోతుంది. వేర్వేరు చోట్ల కోస్తే ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ సాగి, నోట్లో ఉండే కళ్లెపు ఇనుముని పక్కకి లాగేస్తుంది. చెవుల వెనక పడే పట్టీని మాత్రం మామూలుకంటే వెడల్పు చేసి, చెవి మొదలు దగ్గర అరచంద్రంలా కోశాడు.

"అదెందుకలా?" అంది కోడలు.

"మొన్న చూశాగా. చెవులు ఎందుకంటిస్తోందో తెలుసా? పాత పట్టీ ఒరుసుకుని అక్కడ వెంట్రుకలు లేచిపోయాయి. పాపం, దాన్ని ఊరికే గయ్యాళంటున్నారు."

"నాకెప్పుడైనా ఇంత జాగ్రత్తగా చెవులు చూశారా?"

"నువ్వు కరవవుగా," అన్నాడు ఆయన. కాసేపు ఆలోచించి, "తోలుతో కొడతావు," అని కలిపాడు.

తూకం ఆ రెండు రోజులూ అటువైపు రాలేదు. గుమ్మంలో కూర్చుని, ఏనాడూ తలెత్తి చూడని కుక్కల మెడపట్టీలే ఒకటికి రెండుసార్లు మెరుగుపెట్టాడు.

ఆదివారం అందరికంటే ముందు ఆయనే లేచి తయారయ్యాడు. పనిలో చెయ్యి పెట్టనన్న మనిషి పరీక్షకి వస్తానన్నాడు. కొట్టు తలుపులు తీసి, జీనుని గుడ్డలో చుట్టి, తనే బండిలోకి చేర్చాడు. కోడలు అది చూసి మామగారి మనసు కరిగిందనుకుంది. లెక్కలో ఆమె ఎప్పుడూ తప్పదు కానీ, ఆ పొద్దున తప్పింది.

స్వారీ బడి పెరడు జనంతో నిండి ఉంది. పిల్లల తల్లిదండ్రులు, ఊళ్లో గుర్రాలున్న వాళ్లు, ఏమీ లేకపోయినా వినోదం కోసం వచ్చినవాళ్లు, అందరూ కంచె పట్టుకుని వేలాడుతున్నారు. ఫ్యాక్టరీ షావుకారు తెల్లచొక్కాలో, నవ్వు ముఖంతో తిరుగుతున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఏది పడితే అది అమ్మగలడు, తను అమ్మేదేమిటో పెద్దగా పట్టించుకోడు, అంతే.

"రండి రండి పెద్దాయనా! చెల్లెమ్మా, బాగున్నావా? ముందు నాది కానిచ్చేస్తా, తర్వాత మీ ఇష్టం. లేకపోతే మీకెందుకు శ్రమ?"

ఆయన తెచ్చిన కొత్త జీను అద్దంలా మెరుస్తోంది. పంతులమ్మ ఎక్కి గయ్యాళిని నడిపించింది. మొదటి చుట్టు సగంలోనే జీను కుడికి ఒరిగింది. దుడుకు నడక అందుకునేసరికి ఆమె ఎడమ రికాబు మీద బరువంతా వేసి వేలాడాల్సివచ్చింది. మేడమ్ చెయ్యెత్తి ఆపేసింది. షావుకారు కంగారు పడలేదు.

"గుర్రమే వంకరండీ. దీనిమీద ఎవరిదీ నిలవదు. కావాలంటే పెద్దాయనది చూడండి. ఇద్దరిదీ నిలవకపోతే మరి రేటు తక్కువున్నవాడికే కదా మేడమ్?"

మేడమ్ కాదనలేదు.

ఇప్పుడు వీళ్లది. కొత్త కళ్లెం ఎక్కించేటప్పుడు గయ్యాళి చెవులు కాస్త ముందుకొచ్చాయి, అది చూసి భర్త ముఖం వెలిగింది. జీను వేశారు. కోడలు వెనక్కి వెళ్లి చూసింది. కళ్లు చిట్లించింది. జీను కుడికి ఒరిగి ఉంది. పరుగెత్తి వెళ్లి కుడి దిండు కింద వేళ్లు దూర్చింది. ముందు భాగం మెత్తగా, పల్చగా చేతికి తగిలింది. తను రెండు రోజులు కూరిన ఉన్ని అక్కడ లేదు.

ఆమె తలెత్తి మామగారి వైపు చూసింది. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. తుడిచినవే తుడుస్తున్నాడు.

ఆపేలోపే పంతులమ్మ ఎక్కేసింది. ఒక చుట్టు. రెండో చుట్టులో జీను జారింది. ఆమె తెలివిగా ముందే కిందికి దూకింది. కంచె దగ్గర ఎవరో ఈల వేశారు. షావుకారు సానుభూతిగా తల ఊపాడు.

కోడలికి నిలబడి ఆలోచించే వ్యవధి లేదు. ఉన్నది ఉన్నట్టు చెబితే ఊరంతా మామగారిని చూసి నవ్వుతుంది, ఆ మనిషి మళ్లీ ఆరె పట్టడు. చెప్పకపోతే లాయం పోతుంది. ఒక చేతిలో ఇల్లు, ఒక చేతిలో కొట్టు. ఏదో ఒకటి వదిలే బేరం ఆమె జన్మలో చేయలేదు.

"మేడమ్!" అని గొంతెత్తింది. "కోటు కుట్టాక ఒంటిమీద వేసి చూసి సర్దుతాడా లేదా దర్జీ? జీనుకి కూడా అంతే. గుర్రం మీద పెట్టి చూశాకే ఆఖరి పని. మాకు ఆ పని మిగిలుంది. గుర్రాన్ని చల్లబరిచి నీళ్లు పట్టేలోగా అయిపోతుంది."

మేడమ్ ఆమెని ఎగాదిగా చూసింది. "నీళ్లు పట్టేలోగానా? సరే. అది బకెట్లోంచి మూతి తీసిందంటే మీ టైము అయిపోయినట్టే."

జీనుని అక్కడే గడ్డిమోపు మీద బోర్లా వేశారు. తూకం వచ్చి పక్కన చతికిలబడ్డాడు. గొంతు తగ్గించి అన్నాడు:

"చెయ్యి ఊరుకోలేదమ్మా. పొద్దున బండిలో పెట్టబోతూ ఒక్కసారి కొయ్యగుర్రం మీద పెట్టి చూశా. ఒక పక్క లేచి కనబడింది. ఎప్పుడు కడ్డీ పట్టుకున్నానో, ఎప్పుడు లాగానో నాకే తెలీదు."

"తీసిన ఉన్ని ఇంట్లో వదిలేశారా?"

ముసలాయన చెయ్యి మెల్లిగా కోటు జేబులోకి వెళ్లింది. గుప్పెడు ఉన్ని బయటికొచ్చింది. రెండో జేబులోంచి ఇంకో గుప్పెడు. "మంచి ఉన్ని కదా. పారేయబుద్ధి కాలేదు."

అంత కంగారులోనూ కోడలికి నవ్వొచ్చింది. తను ఈ ఇంట్లో ఎవరికీ పొదుపు నేర్పాల్సిన పని లేదు. సంచిలోంచి కడ్డీ తీసింది. చీలికలోకి దూర్చబోయి, బకెట్టు వైపు చూసింది. రెండు రోజుల్లో చేసిన పని రెండు క్షణాల్లో చేయాలి, ముద్ద కట్టకుండా. తూకం ఆమె చేతిలోంచి కడ్డీ తీసుకున్నాడు.

"నీది కన్ను, నాది చెయ్యి. చెప్పు, ఎక్కడ, ఎంత?"

ఏళ్ల తరబడి ఎవర్నీ ఏ మాటా అడగని మనిషి అడిగిన మాట అది. భర్త కళ్లెం పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే నిలబడిపోయాడు.

"ముందు అంచుకి. ఇంకా ముందుకి మామయ్యా. అక్కడే."

ముసలాయన చేతులు కదిలిన తీరు చూడాల్సిందే. ఎడమ చేత్తో ఉన్ని విదిలిస్తున్నాడు, కుడి చేత్తో నెడుతున్నాడు, అరచెయ్యి దిండు మీద నిమురుతూనే ఉంది. పీచు మీద పీచు పరుచుకుంటోంది, ఎక్కడా ముద్ద లేదు. ఉన్నట్టుండి కడ్డీ ఆగింది.

"చాలు."

"చాలదు మామయ్యా. ఇంకా."

"రెండో దాంతో సమానమైపోయింది."

"సమానం వద్దు మనకి. ఇంకా."

ఆయన నుదుటిమీద చెమట పట్టింది. పని వల్ల కాదు. ఒక్కో పీచు నెడుతుంటే పంటికింద రాయి నములుతున్నవాడిలా ముఖం పెట్టాడు. షావుకారు దగ్గరికొచ్చి వంగి చూశాడు.

"ఏం పెద్దాయనా, ఒక పక్క ఎత్తు, ఒక పక్క పల్లం! గుర్రానికా, మీరు తలకింద పెట్టుకోవడానికా?"

తూకం తలెత్తలేదు. "దిండైతే నీకే ఇద్దును నాయనా. పాపం ఈ రాత్రి నీకు నిద్ర పట్టదు."

కంచె మీద వాళ్లు ఘొల్లుమన్నారు. ఆ నవ్వు ఆగేలోపే తూకం ఆఖరి పీచు నెట్టి, చీలిక మూసి, జీనుని తిరగేశాడు. బకెట్టు దగ్గర గయ్యాళి మూతి ఎత్తి, చుక్కలు రాలుతుండగా తల విదిలించింది.

"వేయండి," అన్నాడు.

ఈసారి కోడలు వెనక్కి వెళ్లి చూసినప్పుడు మామగారు కూడా ఆమె పక్కనే నిలబడి ఒక కన్ను మూశాడు. గడ్డిమోపు మీద వంకరగా ఉన్న జీను గుర్రం మీద గీత గీసినట్టు కూర్చుంది. ఆయన మూసిన కన్ను కూడా తెరిచి రెండు కళ్లతో చూశాడు.

పంతులమ్మ ఎక్కింది. మొదట నడక. నడక ఒక చుట్టు పూర్తయింది, జీను కదల్లేదు. దుడుకు నడక. ఎడమకి తిప్పింది, కుడికి తిప్పింది, ఎనిమిది అంకెలా తిప్పింది. గయ్యాళి మెడ కిందికి దిగింది, చెవులు ముందుకొచ్చాయి, ముక్కుతో హాయిగా బుస్సుమంది. వీపు మీద ఏదో గుచ్చుకుంటూ తిరిగిన జీవానికి మొదటిసారి ఆ బాధ పోయిందని చూసేవాళ్లందరికీ తెలిసిపోయింది. పంతులమ్మ దౌడు తీయించింది. మలుపులో, ఇదివరకు పడిన చోటే, పగ్గాలు వదిలేసి రెండు చేతులూ పైకెత్తింది. జీను నిలబడింది. ఆమె నవ్వుతూ పగ్గాలు అందుకుని, ఎవరూ అడక్కుండానే, మధ్యలో ఉన్న అడ్డకర్ర వైపు తిప్పింది. గయ్యాళి ఒక్క ఊపులో లేచింది. ఎర్రటి ఒళ్లు ఎండలో మెరిసింది. అవతల దిగింది. జీను ఉన్నచోటే ఉంది.

పెరడు పెరడంతా కేకలతో మోగిపోయింది. భర్త చేతులెత్తి గెంతాడు. ఆ మనిషి నోట్లోంచి అంత అరుపు వస్తుందని కోడలికి పెళ్లయిన ఇన్నేళ్లలో తెలియదు.

మేడమ్ నేరుగా తూకం దగ్గరికొచ్చి చెయ్యి చాపింది. "పెద్దాయనా, లాయం మీది. అన్నీ ఇలాగే చేసేయండి."

తూకం ఆ చెయ్యి అందుకోలేదు. "నాకు కాదమ్మా. మా కోడలికివ్వండి. కన్ను ఆవిడది."

కోడలు చెయ్యి అందుకుంది, కానీ వదల్లేదు. గెలిచిన వేడిలో అడిగింది చల్లారాక దొరకదని ఆమెకి తెలుసు.

"అన్నీ ఇలాగే కుదరవు మేడమ్. ఏ గుర్రం జీను దానికే. ప్రతిదానికీ రెండు పక్కలా కొలత తీస్తాం. ఇవాళ ఉన్న వీపు వచ్చే ఏడు ఇలాగే ఉండదు, అందుకని ఏటా వచ్చి దిండ్లు సర్దుతాం. ఆ సర్దుడు పనికి వేరే ఇవ్వాలి. ఒకదాని జీను ఇంకో గుర్రం మీద వేసి, జారింది అంటే మాత్రం మాట పడం."

"జారిపోయే జీను తెచ్చి ఇచ్చి, ఇప్పుడు షరతులా?" అని మేడమ్ గట్టిగా నవ్వేసింది. "సరే, ఒప్పుకున్నా. నీ చెయ్యి వదిలితే వెళ్లి కాగితం రాయిస్తా."

జనం పల్చబడుతుండగా షావుకారు అటూ ఇటూ చూసి దగ్గరికొచ్చాడు. నవ్వు ఇంకా ముఖాన ఉంది, కానీ కాస్త నలిగింది.

"చెల్లెమ్మా, ఒక మాట. నా దగ్గర కొన్న జీన్లు పక్క ఊళ్లలో ఎక్కడెక్కడ జారుతున్నాయో నాకు తెలుసు. అందరూ వెనక్కి తెస్తామంటున్నారు. ఆ దిండ్లు కాస్త... మీరు సర్దిపెడతారా?"

భర్త ఆశ్చర్యంగా చూశాడు. తూకం కనుబొమలు ముడిచాడు. "వీడి సరుక్కా మనం ఉన్ని కూరేది?"

"సరుకు ఆయనదైనా వీపులు గుర్రాలవే కదా మామయ్యా," అంది కోడలు. తర్వాత షావుకారు వైపు తిరిగి, "తప్పకుండా అన్నయ్యగారూ. జీనొక్కటే పంపిస్తే మాత్రం కుదరదు. గుర్రాన్ని కూడా తీసుకురావాలి," అంది.

"రేటు ఎలా?"

కోడలు జవాబిచ్చేలోపే ముసలాయన కోటు విప్పి కొడుకు చేతికిచ్చి, చొక్కా చేతులు మడుచుకున్నాడు.

"ముందు గుర్రాన్ని తీసుకురావయ్యా," అన్నాడు. "ఎంత వంకరకి అంత రేటు. మా కోడలు తగ్గించదు, నేను అసలే తగ్గించను."